చేతులు మారిన చెట్టు

ఖర్జూరపు గింజ నాటితే ఖర్జూరపు చెట్టే మొలుస్తుంది, కాదనను. కానీ మీరు తిన్న పండు మాత్రం మళ్ళీ రాదు. మొలకల్లో సగం మగవి, వాటికి కాయే కాయదు. మిగిలిన సగం ఆడవే అయినా పండు తల్లి పండులా ఉండదు, చాలాసార్లు తిన్నోళ్ళ మూతి వంకర పోతుంది. అందుకే తెలిసినోళ్ళు గింజ నాటరు. చెట్టు మొదట్లో పుట్టిన పిలకను వేరుచేసి, తీసుకుపోయి ఇంకోచోట నాటుకుంటారు. పిలకంటే బిడ్డ అనుకునేరు, కాదు, అది తల్లి ఒళ్ళే. దాని పిలక, ఆ పిలకకు పిలక, అన్నీ ఆ ఒళ్ళే. అంటే మీరు ఉపవాసం విడిచేటప్పుడు నోట్లో వేసుకునే పండు ఎప్పుడో వేల ఏండ్ల కిందట మొలిచిన ఒకే ఒక్క చెట్టుది. ఆ చెట్టు ఇంకా చావలేదు. మనుషులు చావనియ్యలేదు.

ఈ మాట చెప్తే మా ఊరోళ్ళు "అట్లనా" అని చెనక్కాయలు ఒలుచుకుంటా ఉండిపోతారు. నాకు ఒళ్ళు మండుతుంది. అక్షరం ముక్క రాని మనిషి ఎవరో ఇది ఆడచెట్టు, ఇది మగచెట్టు అని పట్టేసి, మగపూత తెచ్చి ఆడపూతలో దులిపితే గెల నిండుతుందని తెలుసుకొని, బాగా కాసిన చెట్టు పిలకను భుజాన వేసుకొని పోతే కదా ఎడారిలో ఊళ్ళు నిలబడింది? ఆ మొదటి మనిషి ఆడదే అయ్యుంటుందని నా పందెం. చూస్తూ ఊరుకోలేక వేలు పెట్టే గుణం మాదే.

నా పేరు హుసేనమ్మ. మేము దూదేకులోళ్ళం. మా తాతలు దూది ఏకినారు, నేను అనంతపురం పక్కన ఖర్జూరపు పరిశోధనశాలలో మొవ్వులు ఏకుతాను. ఇక్కడ చెనక్కాయ చేలు పోయి ఖర్జూరపు తోటలు వచ్చి చాలా ఏండ్లయింది. నా కింద తిరుపాలు అని ఒకడు పనిచేస్తాడు. కింద అన్నానే గానీ తెలివిలో నాకంటే పైన. నాకంటే పదేండ్లు చిన్నోడు, అక్కా అని పిలుస్తాడు, నోరు మూయడు. చెట్టును చదివే యంత్రం వాడిదే.

వాడు మొదటిసారి చదివిన రోజు చెప్తాను. తాటికైనా ఈతకైనా ఖర్జూరానికైనా తలలో ఉండేది ఒకటే మొవ్వు. ప్రతి ఆకూ అందులోంచే పుట్టాల. అది పోతే చెట్టు పోయినట్టే. మా తోటలో గాలికి ఒరిగిపోయిన ఒక బర్హీ జాతి ఖర్జూరపు చెట్టు మొవ్వు తీసి బల్ల మీద పెట్టినాడు తిరుపాలు. తెల్లగా, తేమగా, మోచెయ్యంత. పై పొరను ఉల్లిపొర కంటే పల్చగా కోసి యంత్రంలోకి జార్చినాడు.

"పిలకను కోసినప్పుడల్లా దానికి గాయమవుతుంది గదక్కా. కొత్త మన్ను, కొత్త నీళ్ళు, కొన్నాళ్ళు దాహం. ఆ కష్టం మొవ్వులో గుర్తుగా ఉండిపోతుంది. పైన కొత్తది, లోపలికి పోయేకొద్దీ పాతది" అన్నాడు.

తెర మీద గీత లేచింది. అది మా తోటలో నాటినప్పటి ఎర్రమన్ను. ఇంకో పొర కోస్తే ఒండ్రుమట్టి. ఇంకోటి కోస్తే ఉప్పుబావి, ఆ తర్వాత మళ్ళీ తీపి నీళ్ళు, ఆ తర్వాత చాలా పెద్ద దాహం. ఒక్కొక్క గుర్తునూ మేము 'చెయ్యి' అనుకున్నాము, ఎవరో ఒకరు దాన్ని ఎత్తి ఇంకోచోట పెడితేనే కదా ఆ గుర్తు పడేది. చేతులు వస్తూనే ఉన్నాయి. అన్నం మాట మరిచిపోయినాము. సాయంత్రానికి సముద్రం అంచున ఉప్పుగడ్డి మొలిచే చవిటినేలకు చేరినాము. అక్కడ గీత చదునుగా పడుకుంది. అది గింజ నుంచి మొలిచిన చోటు, దాన్ని ఇంకా ఎవరూ కోయలేదు. నోరు మూయని తిరుపాలు ఆ పూట మాట్లాడలేదు. నేను ఏడ్చినాను. సిగ్గేముంది, అంతమంది ముందు నిలబడితే ఎవరికైనా ఏడుపొస్తుంది.

ఆ తర్వాత ఎన్ని జాతులు చదివినామో. ఆ సముద్రంలో నది కలిసే చోటు నుంచి ఒంటెల దారుల వెంట నైలు దాకా పోయినవి, ఇంకా పడమరకు పోయి అక్కడి అడవి జాతితో వియ్యమందినవి, అన్నీ తెర మీదికి వచ్చినాయి. రాజుల పేర్లు చెప్పే శాసనాలు చాలా ఉన్నాయి. పిలకలు మోసినోళ్ళ సంగతి చెప్పే శాసనం ఇదొక్కటే అని తిరుపాలు గొప్పగా చెప్పుకునేవాడు. చెప్పుకోనీ, వాడి కష్టం.

ఒకటే బాధ. చదవాలంటే మొవ్వు కోయాల, కోస్తే చెట్టు చస్తుంది. బర్హీ లాంటివి లక్షల్లో ఉన్నాయి, ఒకటి పోతే పోయింది. మా ఇంటి చెట్టు సంగతి అట్లా కాదు.

మా ఇంటి వెనకాల ఒక ఖర్జూరపు చెట్టు ఉండేది. దాని జాతికి పేరు తెలీదు. మా అమ్మ కుళ్ళాయమ్మ దాన్ని సవతి అనేది.

మా నాయన ఫక్కీరప్ప కువైట్‌లో, ఉత్తరపు సరిహద్దు దగ్గర, ఒక ముసలాయన ఖర్జూరపు తోటలో పనిచేసేవాడు. యుద్ధం వచ్చినప్పుడు నాకు మూడేండ్లు. అందరూ ఉన్నది ఉన్నట్టు వదిలి లారీల్లో పడి ఎడారి దారిన జోర్డాన్ సరిహద్దు దాకా పోయినారు. బంగారం తెచ్చుకున్నోళ్ళు తెచ్చుకున్నారు, టేపురికార్డర్లు తెచ్చుకున్నోళ్ళు తెచ్చుకున్నారు. మా నాయన తడి గోనెపట్టలో చుట్టిన పిలకతో బస్సు దిగినాడు. బయలుదేరేటప్పుడు తోట ముసలాయన చేతిలో పెట్టినాడంట. దీని తల్లి ఉండదు, దీన్ని చూసుకో అన్నాడంట. ఆ తోట నిజంగానే కాలిపోయింది.

"దారిలో నీళ్ళు పోసుకుంటా తెచ్చినా" అన్నాడంట నాయన. దాని గురించి ఆయన చెప్పింది ఆ ఒక్క మాటే. ఎడారి గుడారాల్లో మనిషికి తాగను నీళ్ళు లేని రోజులవి. ఊరంతా నవ్వింది. నాలుగేండ్లు తిరక్కముందే ఆయన కిడ్నీలు పాడైపోయి చచ్చిపోయినాడు. అప్పుడు మా అమ్మ ఒక లెక్కకు వచ్చేసింది: ఆయన తన వాటా నీళ్ళు దానికి పోసి, తాను ఎండిపోయినాడు. ఇంట్లో పెండ్లాం బిడ్డ ఎదురుచూస్తా ఉంటే, మొక్క బతికితే చాలనుకున్నాడు. ఆ కోపంలో చెట్టు చుట్టూ వచ్చిన పిలకలన్నీ నరికి పొయ్యిలో పెట్టింది. తర్వాత చెట్టు పిలకలు వేయడం మానేసింది. ఖర్జూరం పడుచుతనంలోనే పిలకలేస్తుంది, వయసు మీరితే వేయదు.

అట్లని చెట్టును వదిలేసిందా అంటే, లేదు. ఏటా పూత కాలంలో నా తోటలోంచి మగపూత తెమ్మని ప్రాణం తీసేది. నన్ను నిచ్చెన ఎక్కించి, కింద నిలబడి "ఆ పక్క గెలలో దులప్లేదు, కండ్లు యాడ పెట్టుకున్నావే" అని అరిచేది.

"సవతికి ఏటేటా పెండ్లి చేసేదాన్ని నన్నొక్కదాన్నే చూసుంటావు" అనేది దిగినాక.

పండు మాత్రం నోట పెట్టేది కాదు. ఊరంతా పంచేది. అట్లాంటి పండు నేను ఎక్కడా తినలేదు, తేనెలో కొంచెం పులుపు కలిపినట్టు ఉండేది. పూతలోంచి గాజుసీసాల్లో మొక్కలు తీద్దామని ఎన్నోసార్లు ప్రయత్నం చేసినాను. అన్నీ నల్లబడి చచ్చినాయి.

మూడేండ్ల కిందట ఎండాకాలం ముందు చెట్టుకు ముక్కుపురుగు పట్టింది. మానుకు చెవి ఆనిస్తే లోపల కరకర నమిలే చప్పుడు. బయటికి పచ్చగానే ఉంది, లోపల పిండి అయిపోయింది. వానలదాకా కూడా నిలబడదు. మొవ్వు వరకు పురుగు ఇంకా పోలేదు.

తిరుపాలు ఇంటికి వచ్చినాడు. ముగ్గురం వసారాలో కూర్చున్నాము.

"ఉండేది ఒక మొవ్వే" అన్నాను. "సీసాల్లో పెడితే మొలకలు రావచ్చు, రాకపోవచ్చు. నాలుగింట ఒక పాలు ఆశ. చదివితే మాత్రం ఖాయంగా చదవచ్చు, కానీ ఇంక మొలకలు ఉండవు. ఈ జాతి మళ్ళీ భూమ్మీద ఉండదు."

"ఆకు పరీక్షలో చూసినాను పెద్దమ్మా" అన్నాడు తిరుపాలు. "మేము చదివిన వాటన్నిటికంటే పాతది ఇది. మొదట్లో గింజ నాటిన మనిషి దాకా పోతామేమో. నా బతుక్కు ఇది చాలు."

వాడి కండ్లు చూస్తే జాలేసింది. నాకూ చదవాలనే ఉంది, అబద్ధం ఎందుకు? వాడికి కావలసింది మొదటి చెయ్యి, నాకు కావలసింది చివరి చెయ్యి. మా నాయన మొహం నాకు సరిగా గుర్తులేదు. కానీ చెట్టు అమ్మది. అడగాల్సింది అమ్మనే.

అమ్మ చాటలో బియ్యం ఏరుతూనే నాయన గురించి అడిగింది. "చదివితే ఆయప్ప సంగతి కూడా తెలుస్తుందా? ఎడారిలో నీళ్ళ సంగతి?"

"తెలుస్తుంది పెద్దమ్మా. ఏ నీళ్ళు తాగిందో, ఎంత తాగిందో."

అమ్మ ఏరడం ఆపేసింది. ఏ తల్లయినా చెట్టు బతికించండి అంటుందనుకున్నాను నేను. ఆమె అట్లా అనలేదు.

"చదవండి. ఇన్నేండ్లు ఆ మనిషిని తిట్టుకుంటానే ఉన్నా. తప్పో ఒప్పో తెలుసుకొని చస్తా."

చెట్టు పడగొట్టిన రోజు ఈతచెట్టు పడితే వచ్చినట్టు ఊరోళ్ళు కొందరు గిన్నెలతో వచ్చినారు, మొవ్వు పంచుతారని. మా వైపు అది అలవాటే. పడిన చెట్టు మొవ్వు నలుగురూ తినాల, తియ్యగా ఉంటుంది. అమ్మ అడ్డం నిలబడి "ఇది తినేది కాదు, చదివేది" అని అందరినీ పంపించేసింది. నేను మొవ్వును గట్టిగా పట్టుకొని కారెక్కినాను. అమ్మ కూడా ఎక్కింది. వద్దంటే వినే మనిషి కాదు.

పరిశోధనశాలలో ఆమెకు కుర్చీ వేసినాము. తిరుపాలు చేతులు కడుక్కొని కత్తి తీసుకున్నాడు. మొదటి పొరలో మా ఇంటి వెనకాల నేల, మా బోరునీళ్ళ సున్నం. రెండో పొర కోసినాడు. తెర మీద గీత గజిబిజిగా లేచింది. తిరుపాలు మొహం ముడుచుకొని యంత్రాన్ని ఆపి, మళ్ళీ పెట్టినాడు. అదే గజిబిజి.

"ఏమైందిరా?"

"అక్కా, ఒక్కొక్క ఊరి నీళ్ళకు ఒక్కొక్క ఉప్పు ఉంటుంది గదా. ఎవరైనా పిలక మోసుకొచ్చినప్పుడు ఒకపూట ఒక నీళ్ళే కనపడతాయి. ఇక్కడ చూడు. ఒకే పూటలో ఉప్పు తీసేసిన సముద్రపు నీళ్ళు, నది నీళ్ళు, కొళాయి నీళ్ళు, ఏదో ఉప్పుబావి నీళ్ళు. మరుసటి పూట ఇంకో నాలుగు రకాలు. అన్నీ గుక్కెడు గుక్కెడే. ఏ ఒక్కటీ ఎక్కువ లేదు."

నాకు అర్థమైంది. ఒక్క మనిషి అన్ని రకాల నీళ్ళు మోయలేడు. దారిలో ఎవరు ఎక్కడ నింపుకున్న సీసా వాళ్ళ దగ్గర ఉండింది. ఆ లారీలో, ఆ గుడారంలో ఉన్న వాళ్ళందరూ పోసినారు. ఎవరు వాళ్ళు? మలయాళం వాళ్ళో, పంజాబీలో, ఫిలిప్పీన్స్ ఆడవాళ్ళో, మనకు తెలీదు. తమ గొంతు తడుపుకోను నీళ్ళు లేనోళ్ళు, ఎవడో దూదేకుల ఫక్కీరప్ప ఒడిలో ఉన్న పిలకకు తలా గుక్కెడు పోసినారు.

అమ్మకు విడమరిచి చెప్పినాను. ఆమె చాలాసేపు తెరవైపే చూసింది, ఏదో చదవడం వచ్చినట్టు.

"అయితే ఆయప్ప తన వాటా అంతా దానికి పోయలేదా?"

"లేదు పెద్దమ్మా" అన్నాడు తిరుపాలు. "అందరితో పాటు ఒక గుక్కెడు. మిగతావి ఆయన తాగినాడు."

"తాగినాడా?"

"తాగినాడు."

"అంటే ఇంటికి రావాలనే అనుకున్నాడు" అంది అమ్మ. కొంగు నోటికి అడ్డం పెట్టుకొని ఏడ్చింది. మా నాయన చచ్చిపోయిన రోజు కూడా ఆమె ఏడవలేదని మా మేనత్తలు ఇప్పటికీ దెప్పుతారు. ఆ ఏడుపు ఇప్పుడు వచ్చింది. ఆయన రోగం ఆయనకు వచ్చిన రోగమే, చెట్టు తెచ్చింది కాదు. నేను ఆమె వీపు నిమురుతా నిలబడినాను. కాసేపటికి ముక్కు తుడుచుకొని, నవ్వింది కూడా.

"మీ నాయనొక్కడే పిచ్చోడనుకున్నా. లారీ నిండా పిచ్చోళ్ళే."

తిరుపాలు కండ్లు తుడుచుకొని మళ్ళీ కత్తి తీసుకున్నాడు. తర్వాతి పొర ఆ తోట ముసలాయనది. ఆ కింద ఆయన తాతది. అట్లా చవిటినేల దాకా.

"నాయనా, ఆపు" అంది అమ్మ.

కత్తి గాలిలోనే ఉండిపోయింది.

"ఇంకా కోస్తే మొలకెత్తుతుందా?"

"ఎత్తదు పెద్దమ్మా. ఇప్పటికే రెండు పొరలు తీసినాము. ఇప్పుడు సీసాల్లో పెట్టినా పదింట ఒక పాలు ఆశ ఉంటుందేమో."

"ఆ పాలే చాలు. అంతమంది నోరు కట్టుకొని బతికించిన దాన్ని నేను కోయిస్తానా? ఇన్నాళ్ళూ ఆయప్ప ఒక్కడిదే అనుకొని కోయమన్నా. ఇది మా ఇంటిది కాదు."

"మీకు కావలసింది తెలిసిపోయింది" అన్నాడు తిరుపాలు. "నాకు కావలసింది ఇంకా లోపల ఉంది. ఇంత పాత చెట్టు నాకు మళ్ళీ దొరకదు పెద్దమ్మా."

వాడు ఎన్ని ఏండ్లు ఆ యంత్రం పక్కన పడుకున్నాడో నాకు తెలుసు. పై అధికారిగా ఆపు అనొచ్చు, అనలేకపోయినాను.

"చెట్టుంటే రాతా ఉంటుంది గదా" అంది అమ్మ. "చంపకుండా చదివే ఉపాయం నీ తర్వాతోళ్ళు ఎవరో కనిపెడతారు. చెట్టే లేకపోతే వాళ్ళేం చదువుతారు?"

తిరుపాలు మొవ్వు వైపు చూసినాడు. తెర వైపు చూసినాడు. వాడు కత్తి కింద పెట్టడానికి పట్టినంత సేపు నా జన్మలో ఇంకేదానికీ పట్టలేదు. పెట్టినాక మొవ్వును రెండు చేతులతో ఎత్తి నాకిచ్చి, "తొందరగా అక్కా, గాలికి నల్లబడుతుంది" అని బయటికి వెళ్ళిపోయినాడు.

మిగిలినదాన్ని ముక్కలు చేసి సీసాల్లో పెట్టినాను. ఒక్కొక్కటే నల్లబడింది. రోజూ పొద్దున తలుపు తీయాలంటే భయమేసేది. చివరికి ఒక్క సీసాలో మాత్రం పచ్చటి మొన కనపడింది. ముందు చూసింది తిరుపాలే. నన్ను పిలవకుండా ఎంతసేపు అక్కడే కూర్చున్నాడో ఏమో, నేను పోయేసరికి వాడి కాఫీ చల్లారిపోయి ఉంది. ఆ ఒక్క మొలక సీసాలోంచి కుండీకి వచ్చి, మోకాలెత్తు అయ్యేసరికి రెండేండ్లు పట్టింది.

ఇంటి వెనక గుంత తీయిద్దామని అమ్మను అడిగినాను.

"ఇక్కడేంటికి?" అంది. "చూసుకో అన్నాడు ఆ ముసలాయన, ఉంచుకో అన్లేదు. వాళ్ళది వాళ్ళకు ఇచ్చేయాల."

"అమ్మా, ఉండేది ఒక్కటే. దారిలో చచ్చిపోతే?"

"మొదటిసారి కూడా ఒక్కటే ఉండింది."

వాదించి గెలిచినోళ్ళు లేరు ఆమెతో. విచారిస్తే ముసలాయన మనవరాలు మరియం అదే నేలలో మళ్ళీ చిన్న తోట వేసుకుందని తెలిసింది. ఫోన్లో చెప్తే ఆమె మొదట నమ్మలేదు, తర్వాత ఎప్పుడు తెస్తారని అడిగింది. అనుమతులూ పరీక్షలూ నేను చూసుకున్నాను. మొలక పెరిగినాక పిలకలేస్తుంది, అందులో ఒకటి మాకు పంపుతానని మరియం మాటిచ్చింది.

తీసుకుపోయేది ఎవరు అని అడిగితే తిరుపాలు చెయ్యెత్తినాడు. నేను ఆశ్చర్యపోయినాను. దాన్ని చదవలేకపోయినందుకు రెండేండ్లయినా వాడికి మనసులో నొప్పి ఉండనే ఉంది, నాకు తెలుసు.

"చదివే రాత లేదు, మోసే రాతన్నా ఉండనీ అక్కా" అన్నాడు.

విమానం ఎక్కేముందు అమ్మ వాడికి జాగ్రత్తలు చెప్పి చెప్పి విసిగించింది. వాడు ఎక్కినాక మేమిద్దరం ఇంటికొచ్చి, ఫోను మధ్యలో పెట్టుకొని కూర్చున్నాము. చాలాసేపటికి వాడి సందేశం వచ్చింది. నేను పైకి చదివినాను.

"అక్కా, ఒళ్ళో పెట్టుకొనే ఉన్నా. ఇచ్చిన నీళ్ళలో కొన్ని తాగినా, కొన్ని దానికి పోసినా. పక్క సీటులో ఎవరో నేపాలీ ఆమె, ఇళ్ళల్లో పనికి పోతాంది. ఇదేందని అడిగితే చెప్పినా. తన గ్లాసులోవి కూడా పోస్తానంటోంది. పొయ్యనియ్యాలా వద్దా? పెద్దమ్మను అడుగు."

అమ్మ ఫోను నా చేతిలోంచి లాక్కుంది. ఆమెకు టైపు చేయడం రాదు. మీట నొక్కి, గట్టిగా, విమానం దాకా వినపడాలన్నట్టు చెప్పింది.

"పొయ్యమను నాయనా. వెనక సీటోళ్ళను కూడా అడుగు."